పంకా ఆగలే

మైసయ్య తాడు కొసను చేతికి చుట్టుకొని గుంజుతూనే ఉన్నాడు. ఆ తాడు గోడ రంధ్రంలోంచి లోపలికి పోతుంది. లోపల క్లబ్బు హాల్లో పేకాట బల్ల మీద గుడ్డ పంకా ఊగి దొరలకు గాలి విసురుతుంది. వెనక వరండాలో కూర్చున్న మైసయ్యకు కరీంనగర్ ఎండాకాలం మొత్తం మిగులుతుంది. అరచేతులు కాయలు కాచి మొద్దుబారాయి. పాత దెబ్బకు ఎడమ చెవికి వినికిడి ఎప్పుడో పోయింది.

ఆ క్లబ్బు నిజాం కాలం నాటిది. దాన్ని కట్టేటప్పుడు వెట్టికి రాళ్లు మోసినవాళ్లలో మైసయ్య బాపు ఒకడు. కమాను రాయి జారి ఆయన నడుం విరిగితే, దొరలు దయగలవాళ్లు కదా, కొడుకు చేతికి పంకా తాడు ఇచ్చారు. ఊళ్లు తిరగబడ్డప్పుడు గడీలు వదిలి పరుగెత్తుకొచ్చిన దొరలకు ఈ గోడలే ప్రాణం నిలిపాయి. పోలీసు చర్య అయ్యాక వాళ్లే ఖద్దరు టోపీలు పెట్టుకొని మళ్లీ అవే కుర్చీల్లో కూర్చున్నారు.

టోపీలు కొత్తవే గానీ బూటు మర్యాద పాతదే. పంకా ఆగితే లోపలినుంచి దొర విసిరిన బూటు తలుపులోంచి వచ్చి మైసయ్యకు తగులుతుంది. దాన్ని తువ్వాలుతో తుడిచి, వంగి లోపలికి పోయి, దొర కాలికి తొడిగి, "తప్పైంది దొరా" అనాలి.

ఆ పొద్దున మేనేజరు లింగమూర్తి వరండాలోకి వచ్చాడు.

"కరెంటు పంకాలు వస్తున్నయ్ మైసయ్యా. ఇగ తాడు పని లేదు."

"మరి మా అర్ర?" అన్నాడు మైసయ్య. క్లబ్బు వెనక అర్రలో అతని భార్య దేవవ్వ కాలూ చెయ్యీ పడిపోయి మంచంలో ఉంది.

"దామోదరరావు దొరతోని మాట్లాడిన. ఇయ్యాల పంకా ఆగకుంటె నిన్ను గేటు కాడ కావలి పెడ్తడట. ఆగిందా, అర్ర ఖాళీ చెయ్యాలె."

మైసయ్య నీళ్లకు కూడా లేవలేదు. మధ్యాహ్నానికి తాడు కోసి చేయి నెత్తురయింది. లోపల దామోదరరావు వరసగా ఓడిపోతున్నాడు. ఆ కోపం ఎవరి మీద చూపించాలో ఆయనకు బాగా తెలుసు.

బూటు వచ్చి కణత మీద తగిలింది. నెత్తురు కంట్లోకి దిగింది. మైసయ్య, తిరిగి వచ్చేదాకా పంకా ఊగేలా తాడును గట్టిగా ఒక్క గుంజు గుంజి, బూటు తుడిచి, లోపలికి పోయి తొడిగాడు. తప్పైందంటే పంకా ఆగిందని ఒప్పుకున్నట్టే. అర్ర పోయినట్టే.

"పంకా ఆగలే దొరా," అన్నాడు.

"ఏమంటివిరా?"

"ఆగలే. జర సూడుండ్రి, ఇంక ఊగుతనే ఉన్నది."

నిజంగానే ఊగుతోంది. బల్ల పక్కన నిలబడ్డ లింగమూర్తి కూడా చూసి తల దించుకున్నాడు. దామోదరరావు గోడ మీది పులి తల కిందనుంచి హంటరు కొరడా తీశాడు. మొదటి దెబ్బకు అంగీ చిరిగింది. తరువాత వీపు చిరిగింది. కిందపడ్డవాణ్ణి, ఇప్పుడే తొడిగించుకున్న బూటుతో పక్కటెముకల్లో తన్నాడు. ఏదో విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది. పేకముక్కలు ఎవరూ కింద పెట్టలేదు.

"పో. గుంజు."

మైసయ్య పాక్కుంటూ వరండాలోకి వచ్చి తాడు చుట్టుకున్నాడు. నోట్లోంచి నెత్తురు పడుతోంది. అయినా మనసులో ఒక సంతోషం ఉంది. తప్పైందని అనలేదు.

"దేవవ్వా, ఆగలే," అని గొణిగాడు.

పంకా కొంతసేపు ఊగింది. తరువాత మెల్లగా అయింది. తరువాత ఆగింది.

చెమట పట్టగానే దామోదరరావు ముక్కల మీదినుంచి చూపు తిప్పకుండా బూటు విసిరాడు. అది తిరిగి రాలేదు. లింగమూర్తి బయటికి పోయి చూసి వచ్చి, "పానం పోయింది దొరా," అన్నాడు.

పొద్దు గూకకముందే దేవవ్వను మంచంతో సహా గేటు బయట దించారు. పీనుగుకు తగిలిన బూటును ఎవరూ ముట్టలేదు. దొర ఒంటి బూటుతోనే కారెక్కాడు. రెండోది వరండాలో, నెత్తురంటిన తాడు కొస పక్కన, బోర్లా పడి ఉంది.