తోక ఎడమకి

మా ఆయన డ్వేన్‌కి చూపు పోయింది. పూర్తిగా కాదు. ఎదురుగా ఉన్నది కనబడదు, పక్కలు మసగ్గా కనబడతాయి. ఇక స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. అయితే ఏం, నాకు చేతుల్లేవా? పికప్పు తాళాలు నేను లాక్కున్నాను. వెనక ముప్పై అడుగుల ట్రైలరు, అంటే మా వంటిల్లూ మంచమూ సమస్తమూ తగిలించుకుని, సుపీరియర్ సరస్సు దాకా నాలుగొందల మైళ్ళు నడుపుకుంటూ వచ్చాను.

రోడ్డు మీద ముందుకి నడపడం ఓ గొప్పా! సరస్సు ఒడ్డున మా క్యాంపుకొచ్చాక ఆ ట్రైలర్ని వెనక్కి తోలి, రెండు పైన్ చెట్ల మధ్య మా పద్నాలుగో నంబరు చోటులో పెట్టాలి. అసలు పరీక్ష అదీ.

డ్వేన్ దారిలోనే తేల్చి చెప్పాడు. "పద్నాలుగులో నువ్వు పెట్టగలిగితే సరే నోరీన్. లేదంటే బండి గేలెన్‌కి అమ్మేస్తాను. వాడు ఎప్పట్నించో అడుగుతున్నాడు. ఏటా ఎవణ్ణో ఒకణ్ణి బతిమాలి పెట్టించుకోవడం నా వల్ల కాదు."

"అమ్మేసి ఆగస్టులో ఏం చేస్తావ్? ఇంట్లో గోడలు చూస్తూ కూచుంటావా?"

"గోడలు కనబడితేగా," అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. పంతొమ్మిదేళ్ళుగా ఆగస్టు మొదటి వారం మా స్నేహితులందరం అక్కడ చేరతాం. అదొక్కటే మా పండగ. అది పోతే ఈ మనిషి మంచం పడతాడని నాకు తెలుసు.

మేం చేరేసరికి నాలుగైంది. ఇంజను చప్పుడు వినగానే అందరూ మడత కుర్చీలు లాక్కుని, బీరు డబ్బాలు పట్టుకుని వరసగా కూచున్నారు. తప్పు పట్టను. ఎవరైనా బండి వెనక్కి పెడుతుంటే మేమూ అలాగే చూసేవాళ్ళం. అంతకు మించిన వినోదం మా క్యాంపులో లేదు.

మా స్నేహితుల్లో ఒకడైన ఆ గేలెన్ ఎదురొచ్చాడు. మంచివాడే, కానీ నోరు ఊరుకోదు. "ఎందుకొచ్చిన తంటా మహారాణీ! గేటు దగ్గర వెనక్కి తోలక్కర్లేకుండా తిన్నగా దూరిపోయే చోటు ఖాళీగా ఉంది. నీకోసం ఆఫీసులో చెప్పి ఉంచాను."

"మరుగుదొడ్ల పక్కదేనా? ఆ భాగ్యం నువ్వే అనుభవించు."

"అలా గడ్డి పెట్టు!" అని అరిచింది కుర్చీలోంచి వాళ్ళావిడ రోండా.

అయినా వాడు ట్రైలరు వెనక నిలబడి చేతులూపడం మొదలెట్టాడు. "ఎడమకి! ఎడమకి!" నేను ట్రైలరు తోకని ఎడమకి పోనిచ్చాను. "అయ్యో నీ తెలివి తెల్లారా! ఎడమకంటే ఎడమకి!" నేను బ్రేకు తొక్కేసరికి తోక చెట్టుకి జానెడు దూరంలో ఉంది.

ఎడమకంటే స్టీరింగు ఎడమకా, తోక ఎడమకా? వెనక్కి తోలేటప్పుడు స్టీరింగు ఎడమకి తిప్పితే తోక కుడికి పోతుంది. ఈ ఒక్క మాట మీద మా క్యాంపుల్లో ఎన్ని కాపురాలు వీధికెక్కాయో! మా ఇంట్లో ఎడమంటే తోక. గేలెన్ ఇంట్లో స్టీరింగు.

పక్క సీట్లోంచి డ్వేన్ మెల్లిగా, "పోనీలే నోరీన్. తాళం గేలెన్‌కి ఇవ్వు," అన్నాడు.

తిట్టినా ఊరుకునేదాన్ని. ఆ 'పోనీలే' నా గుండెలో గుచ్చుకుంది. ఇంజను ఆపి దిగాను.

"గేలెన్, వెళ్ళి కూర్చో."

"సాయం చేద్దామనేగా..."

"నీ సాయానికో దండం. కూర్చో!"

వాడు వెళ్ళాక వాడి చోట నేను నిలబడ్డాను. నిలబడగానే తెలిసింది, అది నా చోటే. పంతొమ్మిదేళ్ళూ డ్వేన్ ముందు కూచుని తిప్పాడు, వెనక నిలబడి చెయ్యి ఊపింది నేను. తోక ఎక్కడ తిరగాలో, చక్రం ఏ వేరు దాటాక సరిచెయ్యాలో ఆయన ఒక్కసారీ చూడలేదు. చేతులే ఆయనవి, కళ్ళెప్పుడూ నావే. ఓసి పిచ్చిదానా, ఇంత తెలిసీ భయపడ్డావా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

మళ్ళీ ఎక్కి, బండిని ముందుకి లాగి తిన్నగా చేసుకున్నాను. అరచెయ్యి స్టీరింగు అడుగున పెట్టాను. అలా పట్టుకుంటే చెయ్యి ఎటు పోతే తోక అటే పోతుంది. ఎడమా కుడీ గొడవే లేదు. డ్వేన్ ఏదో అనబోయాడు. "మాట్లాడావంటే ఇక్కడే దింపేస్తాను," అన్నాను. అంగుళం అంగుళం వెనక్కి పోనిచ్చాను. చక్రం వేరెక్కి ట్రైలరు కాస్త ఊగింది. ఇప్పుడు! సరిచేశాను. రెండద్దాల్లోనూ రెండు చెట్లూ ఒక్కలాగే నిలబడ్డాయి.

కుర్చీలన్నీ ఒక్కసారిగా లేచాయి. రోండా గరిటెతో మిరపకాయ బీన్సు గిన్నె వాయించేస్తోంది. గేలెన్ ఈల వేశాడు. నాకదేం పట్టలేదు, డ్వేన్‌ని చెయ్యి పట్టుకుని దింపాను.

"పెట్టావా? నా దగ్గర దాచకు."

ఆయన చెయ్యి ఒకటి ట్రైలరు గోడ మీద పెట్టాను. రెండో చెయ్యి చాపాడు. మా చోటు పక్కనే ట్రైలరుకి కరెంటిచ్చే స్తంభం తగిలింది. నమ్మలేక ఇంకోసారి తడిమి చూశాడు.

"నేను పెట్టినప్పుడెప్పుడూ స్తంభానికి ఇంత దగ్గరకి రాలేదే!" అన్నాడు. ఉన్నట్టుండి కుర్చీల వైపు తిరిగి, క్యాంపంతా వినబడేలా కేకేశాడు.

"ఒరేయ్ గేలెన్! నువ్వు వేరే బండి వెతుక్కోరా!"