పద్నాలుగు కత్తులు

మొదట్లో జోద్వా చేతిలో ఉన్నవి ఇవి: రెండు మూడుకాళ్ళ ఇనప కుండలు, ఒక రేకుల షెడ్డు, కరెంటు కేంద్రం గేటుకి ఎదురుగా రోడ్డు పక్కన కాస్త చోటు, మూడు షిఫ్టుల ఆకలి. ఆఖరిదే అసలు పెట్టుబడి. బొగ్గు దుమ్ములోంచి బయటికొచ్చిన మనిషి బేరం ఆడడు. మొక్కజొన్న సంకటి, గొడ్డు కూర, పక్కన ఇంత బీట్‌రూట్ పెడితే తిని, రేపటికి కూడా చెప్పి వెళ్తాడు. బ్లౌవ్లై ఊళ్ళో ఆమె వ్యాపారం పందొమ్మిదేళ్ళు అలాగే నడిచింది. భర్త వెలాఫి లోపల బాయిలర్ దగ్గర, ఆమె బయట పొయ్యి దగ్గర. మొగుడూ పెళ్ళాలిద్దరిదీ మసి ఉద్యోగమేనని అత్తగారు వేళాకోళం చేసేది. ఆ అత్తగారిని ఇంట్లో తప్ప ఊరంతా గోగో, అంటే అవ్వ, అనే పిలిచేవారు.

తర్వాత సముద్రం అవతలి పెద్ద దేశాలూ ఈ దేశమూ ఒకచోట కూర్చుని సంతకాలు పెట్టుకున్నాయి. బొగ్గు ఆపాలి, ఎండతో గాలితో కరెంటు తీయాలి, అందుకు వాళ్ళు డబ్బు సర్దుతారు. జోద్వాకి అందులో తప్పేమీ కనిపించలేదు. తన వీధి పిల్లల్లో సగంమంది దగ్గుతూనే పెద్దవాళ్ళయ్యారు. ఒక సరుకు పోతోందంటే, దాని చోట్లోకి ఏది వస్తుందో చూసుకోవాలి. అంతకుమించి ఆమె ఆలోచించలేదు.

ఆఖరి బాయిలర్ చల్లారింది. షిఫ్టులు పోయాయి. వెలాఫి మాత్రం రోజూ పాత వేళకే లేచి, బూట్లు తొడుక్కుని, లేసులు బిగించి మంచం అంచున కూర్చునేవాడు. ఎక్కడికని మొదట్లో ఆమె అడిగేది. తర్వాత అడగడం మానేసి టీ కప్పు చేతికిచ్చేది.

షిఫ్టుల బదులు మీటింగులు వచ్చాయి. రాజధాని ప్రిటోరియా నుంచి అధికారులు, వాళ్ళ వెంట పరదేశీయులు బస్సుల్లో దిగి, చర్చి హాల్లో కూర్చుని, బొగ్గు పోయాక మీకేం కావాలని ఊరివాళ్ళని అడిగేవారు. మధ్యాహ్నానికి వాళ్ళకీ ఆకలేసేది. జోద్వా వండి పంపేది. ఒక రోజు మైకు తిరుగుతూ తిరుగుతూ ఆమె దగ్గరికి వచ్చింది.

"చెప్పమ్మా, నీ కోరిక ఏమిటి?"

"రోజుకి రెండొందల ప్లేట్లు."

అందరూ నవ్వారు. ఎవరో రాసుకున్నారు కూడా.

కానీ మీటింగులు రోజూ ఉండవు. మీటింగు లేని వారాల్లో కుండలు బోర్లించే ఉండేవి. అలాంటి వారంలోనే పలేసా షెడ్డుకి వచ్చింది. ఆ పిల్ల ప్రాజెక్టు తరఫున ఊళ్ళోనే గది తీసుకుని ఉంటుంది.

"అక్కా, గేటు పక్కన సోలార్ పని నేర్పే బడి కడుతున్నారు, తెలుసుగా. నూట ఇరవైమంది పిల్లలు వస్తారు. వాళ్ళకి క్యాంటీను కావాలి."

"ఎవరికిస్తున్నారు?"

"కరెంటు కేంద్రం పొగగొట్టాలు కూల్చే రోజు అతిథులకి వంట నీకిస్తున్నా. అది సవ్యంగా చేస్తే క్యాంటీను నీకే. కాకపోతే ఒక షరతు. పనిచేసిన ప్రతి ఆడమనిషికీ కూలి ఇవ్వాలి, అందినట్టు సంతకం ఉండాలి. డబ్బు పెట్టే దేశాలు మొట్టమొదట అడిగేది అదే. ఎంతమంది ఆడవాళ్ళకి పని దొరికిందీ అని."

"లేకపోతే?"

"లేకపోతే నగరం నుంచి కంపెనీ వస్తుంది. వ్యాన్లో డబ్బాలు తెచ్చి పంచిపోతారు."

జోద్వా వీధిలో కబురు పెట్టింది. కూల్చే రోజు పొద్దున్నే పద్నాలుగుమంది వచ్చారు. ఒక్కొక్కరి చంకలో గుడ్డలో చుట్టిన కత్తి ఉంది. అప్పుడైనా ఆమెకి అర్థం కావలసింది. ఆ ఊళ్ళో ఆడవాళ్ళు సొంత కత్తి పట్టుకుని గడప దాటేది చావింటికి మాత్రమే. ఎవరూ పిలవరు, ఎవరూ ఇవ్వరు. పొయ్యి దగ్గర చేరి తరుగుతారు, మళ్ళీ కత్తి చుట్టుకుని పోతారు.

వాళ్ళ ముందు గోగో, నల్ల శాలువా కప్పుకుని.

"అత్తమ్మా, ఇవాళ ఫంక్షను. ఆ నల్లదేమిటి?"

"ఆ గొట్టాలు మీ మామ కట్టాడు. నా కొడుకు నడిపాడు. ఇవాళ వాటిని పడుకోబెడుతున్నారు. పూల శాలువా కప్పుకోమంటావా?"

పక్కింటి మాషాబంగు ఉల్లిపాయల బస్తా విప్పుతూ అంది, "మందుగుండు పెట్టి మరీ పడుకోబెడుతున్నారు గోగో. మీ ఆయనకి కూడా ఇంత ఆర్భాటం చెయ్యలేదు."

"ఆయనకి మందుగుండు ఎందుకే? దగ్గితేనే కూలిపోయాడు."

అందరూ నవ్వారు. నవ్వుతూనే తరగడం మొదలుపెట్టారు. కాసేపటికి ఎవరో సన్నగా అంత్యక్రియల పాట ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకున్నారు. జోద్వా వద్దనలేదు. పాటకి చేతులు బాగా ఆడుతున్నాయి.

సైరన్ మోగింది. ఆమె క్యాబేజీలో ఉప్పు వేస్తోంది. కాళ్ళకింద నేల ఒకసారి కదిలింది. తల తిప్పేసరికి పుట్టినప్పట్నుంచీ చూస్తున్నవి లేవు. వాటి చోట దుమ్ము, ఆ పైన ఖాళీ ఆకాశం. ఏదో ఒకటి అనిపిస్తుందేమోనని ఆగి చూసుకుంది. ఏమీ అనిపించలేదు. ఉప్పు సరిపోయిందో లేదో రుచి చూసింది. వెనక బూట్లతో నిలబడ్డ వెలాఫి ఒకే ఒక్క మాట అన్నాడు. "సంకటి మాడుతోంది."

అతిథులు తిన్నారు, బాగుందన్నారు. అంట్లు తోమడం అయ్యాక జోద్వా కవర్లు తీసింది.

"ఏమిటవి?" అంది మాషాబంగు.

"కూలి."

"దేనికి?"

"పొద్దుట్నుంచీ చేసిందానికి. తీసుకో, సంతకం పెట్టు."

మాషాబంగు రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "చావు వంటకి కూలి తీసుకుంటే ఆ చావు మన ఇంటి దారి కనుక్కుంటుంది. నాకు ఇద్దరు కొడుకులు బతికున్నారు, వద్దు తల్లీ."

"చావేమిటే? ఇది కాంట్రాక్టు!"

"కాంట్రాక్టుకి కాంట్రాక్టు మనుషుల్ని పిలుచుకోవాల్సింది. మేం వేరే పని మీద వచ్చాం."

జోద్వా అత్తగారి వైపు చూసింది. గోగో అప్పటికే కత్తి చుట్టేసింది. "నా వైపు చూడకు," అంది. "ఇంట్లో నువ్వు పెట్టేది తింటున్నాను, అది చాలు."

ఆ సాయంత్రం ఆమె షెడ్డులో ఒక్కతే కూర్చుంది. కవర్లు పలేసాకి తిప్పి పంపితే క్యాంటీను వ్యాన్లో వచ్చే కంపెనీది. షెడ్డు ముందు నుంచి ఇక షిఫ్టులు నడవవు. ఇంట్లో లేసులు బిగించిన బూట్ల జత ఒకటుంది. అందరూ వద్దన్న డబ్బు ఎవరి దగ్గరా కొట్టేసినట్టు కాదు. రెండు పెన్నులు తీసుకుంది. చెయ్యి మార్చి మార్చి, ఒకటి నిలువుగా ఒకటి వాలుగా, పద్నాలుగు సంతకాలూ తనే పెట్టింది. ఆ డబ్బుతో క్యాంటీనుకి పెద్ద గిన్నెలు కొంది.

కొన్ని నెలలకి బడి తెరిచారు. కప్పు నిండా సోలార్ పలకలు, వాటి కరెంటుతో నడిచే పొయ్యిలు, గోడ మీద వరసగా దేశాల జెండాలు. ఊరంతా కుర్చీల్లో కూర్చుంది. పలేసా మైకు తీసుకుంది. ఆ పిల్ల ముఖంలో నిజమైన సంతోషం ఉంది.

"ఈ మార్పు వల్ల మన ఆడవాళ్ళకి ఏం దొరికిందని అందరూ అడుగుతున్నారు. పొగగొట్టాలు కూల్చిన రోజు వంటపనికి కూలి అందుకున్న పద్నాలుగుమంది పేర్లు చదువుతాను. వాళ్ళు లేచి నిలబడాలి."

చదివింది. మాషాబంగు పేరు మూడోది. గోగోది ఆఖరిది. ఒక్కరూ లేవలేదు. సిగ్గుపడుతున్నారనుకుని ముందు వరస పరదేశీయులు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. వెనక వరసల్లో చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. గోగో తలగుడ్డ సర్దుకుంది.

ఇంటికొచ్చాక అడిగింది, "నా పేరు మీద ఎంత రాశావు?"

"అందరికీ ఒకటే అత్తమ్మా."

"నేను తక్కువ తరిగాను."

తర్వాత దాని మాటే ఎత్తలేదు. అక్కడ జూలై అంటే చలికాలం; మంచు బాగా పడ్డ ఒక పొద్దున టీ ఇవ్వబోతే గోగో లేవలేదు.

పెరట్లో టెంటు వేశారు. చావు వంటకి గొడ్డుని కోశారు. జోద్వా బంగాళాదుంపల బస్తాలు, క్యాబేజీలు, క్యారెట్లు పొయ్యి పక్కన దింపించి చూస్తూ నిలబడింది. వీధిలోంచి ఆడవాళ్ళు వస్తున్నారు. అందరూ వచ్చారు. ఎవరూ మానలేదు. ఒక్కొక్కరూ లోపలికి వెళ్ళి, గోగో పడుకున్న గదిలో ప్రార్థన చేసి, బయటికొచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. ఎవరి చంకలోనూ గుడ్డ చుట్ట లేదు.

ఆమె మాషాబంగు దగ్గరికి వెళ్ళింది. "దుంపలు అలాగే ఉన్నాయి."

"చూశాను. మంచి దుంపలు." మాషాబంగు గొంతులో కోపం లేదు. "క్యాంటీనులో నీకు కూలి అమ్మాయిలు నలుగురున్నారుగా. వాళ్ళు చూసుకుంటారనుకున్నాం."

"మాషాబంగూ..."

"వెళ్ళు, పొయ్యి చూసుకో. జనం చాలామంది వస్తారు."

జోద్వా ఫోను చేసింది. నలుగురు అమ్మాయిలూ ఏప్రన్లు కట్టుకుని వచ్చారు. చకచకా తరిగారు, ఒక్క పాటా పాడలేదు. సాయంత్రం కూలి ఇస్తే లెక్క చూసుకుని తీసుకున్నారు. సంతకాలు ఎవరివి వాళ్ళే పెట్టారు. వెలాఫి బూట్లతోనే సమాధి దాకా నడిచి, బూట్లతోనే తిరిగొచ్చి, మంచం అంచున కూర్చున్నాడు. ఆమె టీ ఇచ్చింది.

ఆఖరికి జోద్వా చేతిలో ఉన్నవి ఇవి: ఐదేళ్ళ ఒప్పందంతో ఒక క్యాంటీను, రోజుకి నూట ఇరవై ప్లేట్లు, ఎండతో నడిచే నాలుగు పొయ్యిలు, సొంతంగా కొన్న పెద్ద గిన్నెలు. అల్మరాలో పై అరన, గుడ్డలో చుట్టినది చుట్టినట్టే, అత్తగారి కత్తి.