ఆరని ఎరుపు

మూడో అంతస్తు ఉమాపతికి రిటైరయ్యాక మతి చెడిందట, బుధవారం నుంచీ బొమ్మ రైలింజన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నాడట. ఎదురింటి అన్నపూర్ణమ్మ ఈ మాట లిఫ్టెక్కినవాళ్లకీ దిగినవాళ్లకీ చెబుతోందని, శుక్రవారం పొద్దున అతని భార్య రాజేశ్వరమ్మ పాల ప్యాకెట్లతో పాటు మోసుకొచ్చి మొగుడి ముందు పడేసింది.

వాసన చూడటం నిజమే. డీజిల్ షెడ్డులో ముప్పై ఏళ్లు ఫిట్టరుగా చేసిన ఉమాపతికి ఎనామిల్ రంగు ఆరిందో లేదో చెప్పేది ముక్కే. వాసన పోతే ఆరినట్టు.

స్నేహితుడు, ఇంజన్ డ్రైవరు సీతారామయ్యకు ఆ సాయంత్రమే ఉప్పల్లో పదవీ విరమణ సన్మానం. అతను ఆఖరుసారి నడిపిన ఇంజన్ని జానెడు బొమ్మగా చేసి చేతిలో పెడతానని ఉమాపతి నలుగురిలో మాటిచ్చాడు. చేశాడు కూడా. ఎరుపు కుదరలేదని గీకేసి బుధవారం మళ్లీ వేయడంతో వచ్చింది చిక్కు. పైన క్లియర్ కోటు, అంటే రంగులేని మెరుపు పూత, కొట్టకపోతే, హాల్లో పది చేతులు మారేసరికి అంటించిన నంబర్లు ఊడిపోతాయి. కొట్టాలంటే మూడు రోజులు ఆగమని రంగుడబ్బా మీదే ఉంది. బయట చూస్తే ముసురు.

గురువారం రాత్రి బొమ్మను వెచ్చగా ఉంటుందని సెట్‌టాప్ బాక్సు మీద పెట్టి, సీరియల్ అయిపోయినా టీవీ ఆపనివ్వలేదు.

"ఏందయ్యా, బొమ్మకు సలిపెడుతుందా?" అంది రాజేశ్వరమ్మ.

శుక్రవారం మధ్యాహ్నానికి వేలికి రంగు అంటలేదు. కానీ మూడు రోజులుగా పీల్చీ పీల్చీ ముక్కు మొద్దుబారింది. ఆమెను పిలిచాడు.

"జర నువ్వు సూడు."

"ఉంది. కిరసనాయిలు లెక్క కొడుతుంది."

"అది నీ చేతుల పోపు వాసన."

"నా పోపు నాకు తెల్వదా?"

స్ప్రే డబ్బా ఊపాడు, దించాడు. బాల్కనీలోకి వెళ్లొచ్చాడు. గడియారం చూశాడు. ఫ్యాను వేసి, దుమ్ము పడుతుందని ఆపాడు. రెండింటికి కొట్టేశాడు.

నిమిషం పాటు ఇంజను అద్దంలా మెరిసింది. ఆ తర్వాత దాని టాపు మీద పాల మీగడలా ముడతలు లేచాయి. రాత్రి వెచ్చదనానికి ఎరుపు రంగు పైపొర ఒక్కటే గట్టిపడింది, అడుగంతా మెత్తగానే ఉంది.

ఆటోలో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాడు. మెడ నిండా దండలతో సీతారామయ్య రెండు చేతులా అందుకున్నాడు. బొటనవేలు టాపుకు అతుక్కుని, ముద్ర పడింది. చుట్టూ ఉన్నవాళ్లు "మస్తుందే" అని భోజనాల వైపు చూశారు.

"నాకు వాపసియ్యి బావా," అన్నాడు ఉమాపతి. "మూడు దినాలు ఆగాలె, రెండు దినాలకే కొట్టిన. గీకి మళ్ల ఏస్త. పది దినాలల్ల తెచ్చిస్త."

సీతారామయ్య వేలికంటిన ఎరుపును కండువాకు తుడుచుకున్నాడు.

"మూడు దినాలు ఆగనోనివి, పది దినాలు యాడ ఆగుతవ్?"