తిట్టినవాడి సొరుగు

కాలేజీ గ్రంథాలయంలో పెద్ద బల్ల వెనక కూర్చునే గ్రంథపాలకుడు ఆమెకు సొంత బాబాయి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తెలియనట్టే ఉంటారు. ఆమె అందరిలాగే ఆయన్ను సార్ అంటుంది. ఆయన పుస్తకం చీటీ కోసం చెయ్యి చాపుతాడు, అంతే.

ఆమె తండ్రి గడియారాలు బాగుచేస్తాడు. వయసులో ఉన్నప్పుడు ఒక నవల రాశాడు. అందరూ మెచ్చుకున్నారు, తమ్ముడు తప్ప. తమ్ముడు 'మేకు' అనే మారుపేరుతో ఏదో పత్రికలో దాన్ని చీల్చి చెండాడాడు. ఆ తర్వాత అన్న మళ్లీ కలం పట్టలేదు, తమ్ముడి గడప తొక్కలేదు. ఆ మారుపేరు ఇంట్లో ఎవరి నోటా రాకూడదు. గోడకు పటం తగిలించాల్సి వచ్చినా ఆమె తల్లి "ఆ సుత్తీ, ఆ అదీ పట్టుకురా" అనేది.

ఇప్పుడు కూతురు ఆ కాలపు నవలల మీద పరిశోధన చేస్తోంది. తండ్రి నవలను విమర్శకులు ఎలా చూశారన్నది ఆఖరి అధ్యాయం. గైడు మేడమ్ ఆ కాగితాలు తిరగేసి పక్కన పడేసింది.

"ఇది పరిశోధనా, సన్మాన పత్రమా? తిట్టినవాడు ఒకడున్నాడని విన్నాను. వాడి మాట లేకుండా నేను సంతకం పెట్టను. నెలాఖరుకి రిటైరవుతున్నాను. తర్వాత ఎవరి కాళ్లు పట్టుకుంటావో నీ ఇష్టం."

అది ఏ పత్రికలో వచ్చిందో చెప్పమని తండ్రిని అడిగితే కంటికి భూతద్దం పెట్టుకుని గడియారంలోకి వంగిపోయాడు. దాంతో ఆమె గ్రంథాలయంలో కార్డుల సొరుగుల మీద పడింది. తండ్రి పేరు కింద వెతికింది. నవల పేరు కింద వెతికింది. వేళ్లకు దుమ్ము, ముక్కుకు తుమ్ములు తప్ప ఏమీ దొరకలేదు. బల్ల వెనక నుంచి బాబాయి రోజూ చూస్తూనే ఉన్నాడు. తప్పుచోట వెతుకుతోందని తెలిసీ పెదవి విప్పలేదు.

చివరికి ఆమే బల్ల దగ్గరికి వెళ్లింది.

"నవల మీద సమీక్ష కావాలి సార్. సొరుగుల్లో లేదు."

"ఉంది."

"మరి కనపడదేం?"

"సమీక్షలు ఇక్కడ రాసినవాడి పేరు కింద ఉంటాయి. పుస్తకం పేరు కింద ఉండవు. ఆ పద్ధతి నేనే పెట్టాను. నవల రాసినవాడికి బీరువాలున్నాయి. సమీక్ష రాసినవాడికి ఆ మూల సొరుగు ఒక్కటే."

"ముందే చెప్పొచ్చుగా."

"నువ్వడగలేదు. మీ ఇంట్లో అడిగే అలవాటు లేదుగా. సరే, ఎవరిది కావాలి?"

ఆయనకు తెలుసు. అయినా ఆమె నోటితోనే అనిపించాలని కూర్చున్నాడు.

"మేకుది," అంది ఆమె.

పక్క బల్ల దగ్గర ఎవరో తలెత్తి చూశారు. ఆయన లోపలికి వెళ్లి, బైండు చేసిన పాత పత్రికల సంపుటం తెచ్చి ధబ్బున పెట్టాడు.

ఆమె నిలబడే చదివింది. తిట్లు ఉంటాయనుకుంది. "ఈ మనుషులు మనకు ఎదురుపడి ఊపిరి తగిలేంత దగ్గరగా ఉన్నారు. ఆఖరి ప్రకరణంలో రచయిత అందరి చేతా అందర్నీ క్షమింపజేసి ఇంటికి పంపేశాడు. ఇలాంటివాళ్లు అంత తేలిగ్గా క్షమించరు," అని ఉంది. ఆఖరి ప్రకరణం గురించి తన రెండో అధ్యాయంలో తానూ అదే రాసింది. మేడమ్ పక్కన టిక్కు కూడా పెట్టింది.

అడుగున ఇంకో వాక్యం ఉంది. "తమ్ముడి కంచంలోది కూడా తిని పెరిగినవాడు ఆకలి గురించి రాస్తే ఇలాగే ఉంటుంది."

ఆమె కూర్చుని సమీక్ష మొత్తం కాగితం మీదికి ఎత్తి రాసుకోసాగింది. అడుగుకు వచ్చేసరికి ఆయన నీడ కాగితం మీద పడింది.

"ఆ చివరిది వదిలెయ్."

"ఎందుకు?"

"అది సమీక్ష కాదు."

"అచ్చులో ఉందిగా."

"కుర్రతనం. నీ థీసిస్ ఇదే గ్రంథాలయంలోకి వస్తుంది. రేపు వచ్చిన ప్రతివాడూ చదువుతాడు."

"మా నాన్న చదివాడు కదా. రేపటి వాళ్లకేం?"

ఆయన కుర్చీ వీపు పట్టుకున్నాడు. "మీ నాన్న అదొక్కటే చదివాడు. పైది కూడా చదివుంటే మళ్లీ రాసేవాడు."

"మీరు పైది ఒక్కటే రాసుంటే చదివేవాడు, బాబాయ్."

ఆ పిలుపు ఆమె నోట రావడం అదే మొదలు. అది ప్రేమతో వచ్చింది కాదని ఆయనకు తెలిసింది.

"పైన నేనన్నది తప్పా? చెప్పు."

ఆమె అబద్ధం చెప్పాలనుకుంది. నోరు రాలేదు.

"తప్పు కాదు. నేనూ అదే రాశాను. తప్పు కాదనే రాస్తాను, మీరు ముందే అన్నారని కూడా రాస్తాను."

"అయితే చివరిది—"

"అదీ రాస్తాను."

మూసే వేళయింది. ఆయన వెళ్లి గంట కొట్టాడు. కుర్చీలు జరిగాయి, జనం వెళ్లిపోయారు. ఆమె మాత్రం ఆ వాక్యాన్ని అక్షరం అక్షరం ఎత్తి రాసుకుంటోంది. ఆయన ఒక్కొక్క దీపమే ఆర్పుకుంటూ వచ్చి ఆమె తల మీది దీపం దగ్గర ఆగాడు. మీట మీద వేలు పెట్టాడు.

"కింద మేకు అని రాస్తావా, నా పేరు రాస్తావా?"

"రెండూ. రచయితకు తమ్ముడని కూడా."

ఆయన దీపం ఆర్పేశాడు. ఆమె కాగితాలు తీసుకుని కిటికీ దగ్గర మిగిలిన వెలుతురులోకి వెళ్లి, నిలబడే ఆ వాక్యం పూర్తి చేసింది.