తిప్పి చూడొద్దన్న పరీక్ష

ముప్పై ఏళ్లుగా రేకు మీద గీతలు గీస్తున్నవాణ్ణి. జిన్నారం దగ్గర మా షెడ్డులో మందుల కంపెనీలకు స్టీలు తొట్లు, గొట్టాలు చేస్తాం. నేను గీసిన గీతల మీదే కోస్తారు, వంచుతారు. అలాంటి నాకు పరీక్షట. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే.

గీతల పనిలో నాకు ఒక మనిషిని తోడివ్వడానికి హెడ్డాఫీసు నుంచి నిషిత అనే అమ్మాయి వచ్చింది. ఆ పని మా తమ్ముడి కొడుకు ముస్తఫాకు ఇప్పిస్తానని నేను అప్పటికే మాటిచ్చాను. ఆమె మాత్రం అందరికీ ఒకే కొలత అంటూ నాకూ, ముస్తఫాకూ, షెడ్డు ఊడ్చే సంగమ్మకూ కాగితం ఇచ్చింది. చదువుతో పని లేదు, అన్నీ బొమ్మలే. చెక్కముక్కల బొమ్మను మనసులోనే తిప్పి, పక్కనున్న నాలుగు బొమ్మల్లో అదేదో టిక్కు పెట్టాలి. కాగితం తిప్పకూడదు. నేను మూడుసార్లు తిప్పాను. మూడుసార్లూ "అంకుల్" అంటూ సరిచేసింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇరవై నాలుగింటికి నాకు పదకొండు, ముస్తఫాకు పదమూడు, సంగమ్మకు ఇరవై మూడు.

చూసి రాసిందన్నాను. అందరికన్నా ఆమెకే ఎక్కువొస్తే ఎవరిది చూసి రాస్తుందని అడిగింది నిషిత. నాకు ఇంకా కోపమొచ్చింది.

కాగితం మీద ఎవరైనా గెలుస్తారు. సంగమ్మ చేతికి గీసే సూది ఇచ్చి, వంకర అంచున్న అచ్చొకటి ముందు పడేసి, ఈ రేకులో ఎన్ని ముక్కలొస్తాయో గీయమన్నాను. నేను గీస్తే ఎనిమిది వస్తాయి.

ఆమె అచ్చు ముట్టుకోకుండా రేకు చుట్టూ ఒకసారి నడిచింది. తర్వాత కూర్చుని గీసింది. తొమ్మిది వచ్చాయి. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. మూలన మిగిలే ముక్కను రోజూ ఎత్తిపోసేది తానే కాబట్టి దాని కొలత తనకు తెలుసంది.

"తొమ్మిది వస్తయని ఎరుకైతే ఇన్నేండ్లు చెప్పలేదేంది?" అని కసిరాను.

"చెప్పిన ఉస్తాద్. పనికొచ్చిన రెండో నాడే చెప్పిన. రేకు జోలికి రాకు, చీపురు పట్టుకో అన్నరు."

గుర్తు తెచ్చుకుందామని చూశాను. రాలేదు. ఆమెకు ఏడేళ్లుగా గుర్తుంది, నాకు అసలు గుర్తే లేదు. సిగ్గేసింది. ముస్తఫా మొహం చూడలేకపోయాను.

గీతల పనికి మనిషిని తీసుకునే ఫారం నిషిత నాకిచ్చింది. సంగమ్మ పేరు రాసి సంతకం పెట్టబోయాను. కళ్లు సరిగా ఆనడం లేదు.

"అంకుల్," అంటూ ఆ అమ్మాయి నాలుగోసారి, నా చేతిలో తలకిందులుగా ఉన్న కాగితం తిప్పి పెట్టింది.