ఊయలలో కార్డులు

గేటు లోపల హనుమమ్మ నిలబడి ఉంది. గేటు బయట, వేపకొమ్మకు కట్టిన చీర ఊయలలో ఆమె మూడు నెలల కొడుకు ఏడుస్తున్నాడు. ఆమె రవిక ముందంతా పాలతో తడిసిపోయింది. గేటు గుమాస్తా నాగన్న చేయి అడ్డం పెట్టాడు.

"బయటికి పోతే కార్డు మింద ముద్ర పడాల హనుమమ్మా. పడితే ఈ పూట నీకు పనిల్యా. మొన్న ఒకసారి పడిండాది. ఇంకోటి పడితే పేరే తీసేస్తారంట."

"వాని ఏడుపు నీకు ఇనపడల్యా నాగన్నా?"

"ఇనపడ్తాండాది. నన్నేం చేయమంటావు?"

నేను పత్తి మూట మోస్తూ ఆ మాటలు విన్నాను. విని, మోసుకుంటూ పోయాను.

ఇది ఆదోనిలో, పత్తి నుంచి గింజ తీసే ఫ్యాక్టరీలో జరిగింది. యాభై ఐదో సంవత్సరం. కర్నూలు రాజధాని అయిన కొత్తలు. వానల్లేక కోసిగి దిక్కు నుంచి వచ్చినవాళ్లమే అక్కడ ఎక్కువ. మిషన్లకు పత్తి అందించడం ఆడవాళ్ల పని. వాళ్లు ఇద్దరిద్దరు ఒక జోడు. ఊయలల దగ్గర ఉరుకుందమ్మ అనే ముసలామె కూర్చునేది. బిడ్డ ఏడిస్తే ఇనుప ముక్క మీద కొట్టేది. ఒక బిడ్డకు రెండు దెబ్బలు, ఒక బిడ్డకు మూడు. హనుమమ్మ కొడుక్కి నాలుగు. తన దెబ్బలు వినపడగానే తల్లి లేచి పోయేది. జోడు మనిషి రెండు మిషన్లకూ పత్తి అందించేది. మేస్త్రీ ఏసన్న వచ్చి "హనుమమ్మ యాడ?" అని అడిగితే, ఆమె జోడు మద్దమ్మ తలెత్తకుండా చెప్పేది:

"పాలియ్యను పోయింది. ఈడ నేనుండా గదప్పా."

అంతే. ఒక్క మిషను ఒక్కసారి కూడా ఆగలేదు.

ఆ ఏడు ఉగాది అయ్యాక కొత్త మేనేజరు వచ్చాడు. ఆయన వెంట గడియారం వచ్చింది. దాన్ని గేటు పక్క గోడకు బిగించారు. కింది చీలికలో కార్డు పెడితే టక్కుమని టైము ముద్ర పడుతుంది. మనిషికో కార్డు. మేనేజరు చెప్పింది నాగన్న మాకు చెప్పాడు.

"ఇంగ ఎవరొచ్చినారు, ఎవరు పోయినారని మేస్త్రీని అడిగే పనిల్యా. కార్డే చెప్తాది. పొద్దున ఒక ముద్ర, సాయంత్రం ఒకటి. మధ్యాన్నం బువ్వకు గేటు తెరుస్తారు. మిగతా యాళప్పుడు ముద్ర పడగూడదు."

మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. మేమూ ఏమీ చెప్పలేదు. కొత్త మిషను ఏది వచ్చినా కొబ్బరికాయ కొట్టడం మా అలవాటు. ఆడవాళ్లు ఆ గడియారానికి పసుపు కుంకుమ పెట్టారు. కాయ కొట్టింది నేనే. రెండు చిప్పలూ సమంగా పగిలాయని సంతోషపడ్డాం కూడా. హనుమమ్మ ఆ కొబ్బరి నీళ్లను వేలితో అద్ది బిడ్డ పెదాలకు రాసింది.

పాలివ్వడానికి బయటికి పోయినా తప్పు ముద్రే పడుతుందని మూడు రోజులకే తెలిసింది. నలుగురం మేనేజరు దగ్గరికి పోయాం. బేళ్లు కట్టే మారెన్న మాకు ముందు నడిచాడు. సంఘం పెట్టాలని ఏడాదిగా తిరుగుతున్న మనిషి ఆయన.

"పాలిచ్చే ఆడోళ్లు పదిమంది గూడా లేరు సార్. వాళ్లకు మధ్యలో ముద్ర పడినా తప్పు కాదని రాయండి. పని జోడు మనిషి చూసుకుంటాది."

కార్డులో జోడు అనేది లేదని మేనేజరు అన్నాడు. ఒక కార్డుకు ఒకే మనిషి. ఆ మాట మాకు తెలుగులో చెప్పి నాగన్న తల దించుకున్నాడు.

బయటికి రాగానే, రేపే పని ఆపాలన్నాడు మారెన్న. నేను అడ్డం పడ్డాను.

"కొత్తది గదప్పా. నాల్గు దినాలు చూద్దాం. వాళ్లకే తెలిసొస్తాది."

"నీకేం ఈరన్నా, నీ రొమ్ము బరువెక్కదు," అంది మద్దమ్మ. అందరూ నవ్వారు. కానీ నా మాటే నెగ్గింది.

నేను గేటు దగ్గర చూసింది దాని మరుసటి రోజు. హనుమమ్మ మొగుడు బళ్లారి దిక్కు మట్టిపనికి పోయాడు, కబురు లేదు. ఈ పని పోతే ఆమెకు గంజి కూడా లేదు. ఆమె వెనక్కి తిరిగి మిషను దగ్గరికి పోయింది. బయట నాలుగు దెబ్బలు మోగుతూనే ఉన్నాయి. తర్వాత మోగడం ఆగిపోయింది.

వడగాలి. ఉరుకుందమ్మ బెల్లం నీళ్లు పట్టింది. బిడ్డకు విరేచనాలు పట్టుకున్నాయి. రెండో రోజూ అంతే. మూడో రోజు మధ్యాహ్నం గేటు తెరిచేసరికి వాడి కళ్లు లోపలికి పోయాయి. ఆసుపత్రికి ఎత్తుకుని పరుగెత్తాం. పొద్దు వాలకముందే పోయాడు. ఉరుకుంద ఈరన్న స్వామి గుడిలో పేరు పెడదామని అన్నాళ్లూ ఆగారు. పేరు లేకుండానే పూడ్చాం.

అటునుంచి అటే మారెన్న ఇంటిముందు కూడాం.

"దాన్ని పగలగొడదాం పాండి," అన్నాడు మిషన్లకు నూనె పోసే గోపన్న.

"పగలగొడితే ఇంకోటి తెస్తారు," అన్నాడు మారెన్న. "నా కోపం గడియారం మింద కాదప్పా. ఈడ పని ఎట్ల నడుస్తాండాదో మనల్ని ఒక్క మాట అడిగింటే బిడ్డ బతికిండేవాడు."

"వాళ్లు అడగల్యా. మనం చెప్పకుండా కాయ కొట్టినాం," అంది మద్దమ్మ. నా వైపు చూడలేదు. చూసి తిట్టినా బాగుండేది.

అప్పుడు హనుమమ్మ నోరు తెరిచింది.

"రేపు నేను పనికి వస్తా. పని కావాల నాకు. కార్డు మాత్రం గడియారంలో పెట్టను."

అదే మా తీర్మానం. ఎవరూ చేతులెత్తమని అడగలేదు.

మరుసటి పొద్దున రెండు వందల మందిమి వేళకే వచ్చాం. గోడ మీద అరల్లోంచి ఎవరి కార్డు వాళ్లం తీసుకున్నాం. గడియారంలో పెట్టకుండా వేపచెట్టు దగ్గరికి నడిచాం. ఊయల ఇంకా అట్లాగే వేలాడుతోంది. మొదట మద్దమ్మ తన కార్డు అందులో వేసింది. తర్వాత ఒక్కొక్కరం వేశాం. ఊయల కిందికి సాగింది. బిడ్డ ఉన్నప్పుడు అంత బరువు లేదు. చివరికి నాగన్న వచ్చాడు. అతనికీ ఒక కార్డు ఉంది. అది వేసి మాలో నిలబడ్డాడు.

పోలీసులు వచ్చారు.

"ఎవరు చెప్పినార్రా ఇట్ల చేయమని?" అన్నాడు జమేదారు.

ఉరుకుందమ్మ ఇనుప ముక్క అందుకుని కొట్టింది. నాలుగు దెబ్బలు. హనుమమ్మ తల ఎత్తింది. మారెన్న ముందుకు వచ్చి "నేనే" అన్నాడు. ఆయన పక్కకు నడిచి "నేను గూడా" అన్నాను.

ఒక పోలీసు ఊయల విప్పబోయాడు. హనుమమ్మ చీర కొస పట్టుకుంది.

"కార్డులు మీవి, తీసుకపోండి. చీర మాయమ్మది. ఇడిసిపెట్టు."

వాడు విడిచాడు. కార్డులన్నీ మట్టిలో పడ్డాయి. పోలీసులే వంగి ఏరుకున్నారు.

మమ్మల్నిద్దరినీ పద్దెనిమిది రోజులు జైల్లో ఉంచారు. వారం పాటు బయట పని ఆగింది. పాలిచ్చే తల్లులకు ముద్ర తప్పు కాదని మేనేజరు ఒప్పుకున్నాడని లోపలికి కబురు వచ్చినప్పుడు, మారెన్న గోడవైపు తిరిగి ఏడ్చాడు.

విడిచిపెట్టాక ఫ్యాక్టరీకి పోయాం. గేటు బయట హనుమమ్మ కూర్చుని ఉంది. మా ముగ్గురి పేర్లూ తీసేశారు. వేపకొమ్మకు ఆమె తల్లి చీరే కట్టి ఉంది. అందులో ఎవరిదో పసిబిడ్డ నిద్రపోతున్నాడు.

ఉరుకుందమ్మ మమ్మల్ని చూసింది. హనుమమ్మ కొడుకు పోయాక ఏ బిడ్డకూ ఆమె నాలుగు దెబ్బలు ఇవ్వలేదట. ఇనుప ముక్క అందుకుని నాలుగు కొట్టింది. ఆగి, మళ్లీ నాలుగు.

లోపల మిషన్లు ఒక్కొక్కటే ఆగడం మేం ముగ్గురం విన్నాం.