ఆకుపచ్చ తెర మీద బంతిపూలు

మట్టెవాడలో వీరభద్రం స్టీలు సామాన్ల దుకాణం ముందు నుంచి పోయేవాళ్లు ఎంత తొందరలో ఉన్నా ఒక్క క్షణం ఆగాల్సిందే. అంత తళతళలాడేట్టు పేర్చేవాడు మహానుభావుడు. పొద్దున ఎండ ఎటు నుంచి పడుతుందో, సాయంత్రం ఎటు నుంచి పడుతుందో చూసుకుని మరీ బిందెలు జరిపేవాడు. సొట్టపడ్డ గిన్నెనైనా సొట్ట గోడవైపు తిప్పిపెడితే అమ్ముడుపోతుందని అతని నమ్మకం. నమ్మకమేమిటి నా మొహం, ఏళ్ల తరబడి అమ్ముతూనే ఉన్నాడు.

"గిరాకి ముందుగాల కండ్లతోని కొంటడే చెల్లె. చెయ్యి ఎనుకనే వస్తది" అనేవాడు.

ఆ మాట వినీ వినీ విసిగిపోయిన చెల్లెలే నిర్మల. దుకాణం మీది గదిలో వాళ్ల నాన్న పెట్టిన టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఆయన పోయాక నిర్మలే నడుపుతోంది. చిన్నప్పుడు ఆమెకు తల్లి పోసింది, అదే మశూచి. ప్రాణం దక్కింది గానీ ముఖం నిండా గుంటలు మిగిలాయి. పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు గడపలోనే ఒక్క చూపు చూసి, అక్కడి నుంచి ఎక్కడలేని మర్యాద మొదలుపెట్టేవారు. ఆ మర్యాదంటేనే ఆమెకు ఒళ్లుమంట. మొహం మీదే వద్దని లేచిపోయినా ఇంత బాధ ఉండేది కాదు. ఉప్మా తిని, చాయ్ తాగి, ఇల్లు చల్లగా ఉందని మెచ్చుకుని మరీ పోయేవారు. చివరికి తనే ఇక ఎవరినీ పిలవొద్దని తెగేసి చెప్పింది.

ఆ మనిషి హైదరాబాద్‌లో మేనత్త ఇంట్లో ఉండి కంప్యూటర్ నేర్చుకుని వచ్చిందంటే వాడకట్టంతా ముక్కున వేలేసుకుంది. వాళ్లకేం తెలుసు? ఆ నల్లటి తెర ముందు కూర్చున్న మొదటి రోజే నిర్మలకు ఊపిరాడినట్టయింది. మూలన ఒక ఇంగ్లీషు అక్షరం, పక్కన బాణం ములుకు, దాని పక్కన మినుకుమినుకుమనే చిన్న గీత. అంతే. సరిగ్గా అడిగితే చేసిపెడుతుంది, తప్పు అడిగితే తప్పంటుంది. ఎదురుగా కూర్చున్నదెవరో, ఎట్లా ఉంటుందో దానికి అక్కర లేదు. లోకంలో ముఖం లెక్కలోకి రాని చోటు ఒక్కటైనా ఉందని ఆమె సంబరపడిపోయింది. పిచ్చితల్లి.

అన్నను ఒప్పించి ఆ మిషను కొనిపించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఎనభై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో వచ్చింది మిషను, ఆకుపచ్చ అక్షరాల తెరతో. వీరభద్రం ఒకటే మాట చెప్పాడు.

"దసరా దాక చూస్త చెల్లె. క్లాసుకు పిల్లలు నిండిన్రా, పై గది నీది, నీ రాజ్యం నీది. నిండలేదా, మిషిన్ అమ్మేస్త, పైన బిందెలు పెట్టుకుంట. నువ్వు మీ వదినతోని ఇంట్ల నిమ్మళంగ ఉండొచ్చు. నీకేం తక్కువ చేస్తమే?"

తక్కువ చెయ్యరు, నిజమే. వదిన సరస్వతి వెన్నలాంటి మనిషి. కానీ ఇంట్లో నిమ్మళంగా ఉండటమంటే నిర్మలకు తెలుసు. చుట్టాలొచ్చినప్పుడు లోపలి గదిలోకి పోవడం, వాళ్లు పోయాక బయటికి రావడం. బతుకంతా అదే. అందుకే ఆ క్లాసు నిండితేనే తనకు బతుకు అనుకుంది.

పిల్లల్ని వెంటబెట్టుకుని తండ్రులైతే వచ్చారు. మెట్లెక్కి, చెప్పులు విడిచి, గుడికొచ్చినట్టు లోపలికి వచ్చి తెర వైపు చూసేవారు.

"ఏం కనబడ్తలేదేందమ్మా? కరెంటు లేదా?"

"ఉంది కాకా. మనం చెప్తేనే అది చేస్తది. చూడుండ్రి, ఇప్పుడు ఉత్తరం కొట్టిస్త."

ఉత్తరం కొట్టించేది. తప్పు దిద్ది మళ్లీ కొట్టించేది. వాళ్లు తలూపేవారు. వాళ్ల కళ్లు మాత్రం ఆ నల్లతెర మీద దేనికోసమో వెతికి వెతికి అలసిపోయి కిటికీ బయటికి పోయేవి. "మంచిగుందమ్మా, మళ్ల వస్తం" అనేవారు. ఆ మర్యాద నిర్మలకు కొత్త కాదు.

వానాకాలం వచ్చేసరికి హనుమకొండలో రాజేశ్వర్ రావు అనే ఆయన కూడా ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ తెరిచాడు. అక్కడ పిల్లలు బారులు కడుతున్నారని విని నిర్మల ఒకనాడు చీర కొంగు కప్పుకుని చూడటానికి పోయింది. తిట్టుకోవడానికే పోయింది. ముందు గదిలో అద్దాల వెనక రంగుల తెర. నీలం మీద పసుపు అక్షరాలు, చుట్టూ ఎర్రటి అంచు. మీట నొక్కితే తెల్లటి పట్టీ ఒక్కో వరుస దిగుతోంది. ఎంచుకుంటే చిన్న పాట. ఓ నిమిషం చూసేసరికి ఆమెకు సంగతి అర్థమైంది. ఆ రంగుల వెనక ఉన్నది తన దగ్గరున్న బాణం ములుకే. ఆ పిల్లలకు నేర్పేది కూడా తను నేర్పేదాంట్లో సగం. అన్నీ తెలిసి కూడా ఆమె అక్కడి నుంచి కదల్లేదు. కళ్లు తిప్పుకోలేకపోయింది. అదీ ఆమెను కాల్చింది. తనను చూసి పెదవి విరిచినవాళ్ల కళ్లూ తన కళ్లూ ఒక్కటేనా అని బస్సులో దారి పొడుగునా కుమిలిపోయింది.

ఇంటికి రాగానే పనిలో కూర్చుంది. తన తెరకూ ముఖం చెయ్యాలి. ఏం ముఖం? బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస, పెద్దల అమావాస్య దగ్గరపడుతోంది. ఊరి ఆడపిల్లకు ఇంకేం తడుతుంది? బతుకమ్మనే పేర్చింది. గీతలు, చుక్కలు, చిన్న చిన్న గళ్లు కలిపి పూలు కట్టింది. అడుగున వెడల్పుగా తంగేడు, దాని మీద గునుగు, నడుమ బంతి, పైన చామంతి, కొసన గౌరమ్మ. ఒక్కో పూల వరుసలో ఒక్కో పని రాసింది. ఉత్తరాలు ఒక వరుసలో, లెక్కలు ఒక వరుసలో, పేర్ల వరుస పెట్టడం ఒక దాంట్లో. మీట నొక్కితే ఆ వరుస వెలుగుతుంది, ఆ పని తెరుచుకుంటుంది. అంతా అయ్యాక వదినను పిలిచి చూపించింది.

"అమ్మో అమ్మో! బతుకమ్మనే తల్లీ!" అని సరస్వతి చెంపలు వేసుకుంది. తర్వాత కాసేపు తేరిపార చూసి, మెల్లగా అడిగింది. "తంగేడేది, బంతేది నిర్మలా? అన్నీ ఒక్క ఆకు రంగే ఉన్నయి గదా?"

"దీంట్ల గదే రంగొస్తది వదినా. రంగుల తెర కొనాలంటే మల్ల అన్నను అడగాలె."

"నేను చెప్త తియ్. నువ్వు ఫికర్ చెయ్యకు" అంది సరస్వతి.

చెప్పింది కూడా. చెప్పకపోతేనే బాగుండేది.

వీరభద్రం చెడ్డవాడు కాదు. చెల్లెలు గెలవాలనే ఉంది అతనికి. పైగా ఇప్పుడామె తన దారికే వచ్చింది కదా, సరుకుకు ముఖం చేస్తోంది కదా! ఉబ్బితబ్బిబ్బయ్యాడు. దసరా నాడు జమ్మి పెట్టడానికి వచ్చే బజారు పెద్దలందరినీ పైకి తీసుకొస్తానన్నాడు. వాళ్లలో బట్టల వ్యాపారి ముసలి వెంకటేశ్వర్లు ఒప్పుకుంటే చాలు, బజారు పిల్లలంతా ఇక్కడికే వస్తారు. ఆ పొద్దున నిర్మల తలస్నానానికి పోయిన కాస్సేపట్లోనే ఆ ప్రేమంతా తెరకు అతికించి పెట్టాడు.

నలుపు తెలుపు టీవీలకు రంగు రావడానికి ముందర పెట్టే ప్లాస్టిక్ రేకు ఒకటుండేది, గుర్తుందా? పైన నీలం, నడుమ ఎరుపు, కింద ఆకుపచ్చ. ఇంటింటా అదే. ఎవరి మొహం చూసినా నుదురు నీలం, ముక్కు ఎరుపు. అయినా రంగు టీవీ అనే మురిసిపోయేవాళ్లం. ఆ రేకు తెచ్చి, కొలత కత్తిరించి, ఊడకూడదని గిన్నెలకు పిడులు అతికించే బంక అద్దం నిండా పూసి మరీ అంటించాడు. పైన కుంకుమ బొట్టు, బంతిపూల దండ. మిషను ఆపి ఉంది కాబట్టి అతనికి నిగనిగలాడుతూనే కనిపించింది.

నిర్మల వచ్చి చూసేసరికి బంక ఎండిపోయింది. మీట నొక్కింది. పైన గౌరమ్మ మసకమసకగా వచ్చింది. అడుగున తంగేడు బాగానే వచ్చింది. నడుమ ఏమీ లేదు. టీవీ వెలుగు తెల్లనిది, ఏ రేకు వేస్తే ఆ రంగు పడుతుంది. ఈ తెరలో ఉన్నది ఒక్క ఆకుపచ్చే. ఎర్ర రేకు దాన్ని అడ్డంగా మింగేసింది. బతుకమ్మ రెండు ముక్కలై మధ్యలో చీకటి మిగిలింది.

"అన్నా, ఏం పనే ఇది!"

"ఏమైందే? నేను... రంగు కోసమనే గదా..." వీరభద్రం గోటితో అంచు లాగాడు. రాలేదు. బ్లేడు తెచ్చాడు. అప్పటికే మెట్ల మీద చెప్పుల చప్పుడు.

పట్టుబట్టలతో, చేతుల్లో జమ్మి ఆకులతో వచ్చారు పెద్దమనుషులు. వెంకటేశ్వర్లు ముందుకొచ్చి కళ్లజోడు సవరించుకున్నాడు. గడపలో నిలబడి తెర వైపు ఒక్క చూపు చూశాడు. ఆ చూపు నిర్మలకు తెలుసు.

"నడిమిట్ల ఏం లేదేందిరా వీరభద్రం?"

"నడుమ కూడ ఉన్నయి పెదనాయినా" అంది నిర్మల. "కనబడవు గని ఉన్నయి. చూడుండ్రి." కనిపించని బంతి వరుసను గుర్తుమీదే వెతికి మీట నొక్కింది. పక్కనున్న ప్రింటర్‌లోంచి బజారు దుకాణాల పేర్లన్నీ వరుసగా అచ్చై కాగితం మీద బయటికి వచ్చాయి. ఒక్క తప్పు లేదు. కాగితం చించి ఆయన చేతికిచ్చింది. ఆయన దాన్ని చూడనైనా లేదు, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"మంచిగ చేసినవు బిడ్డా. మంచి తెలివి" అన్నాడు. ఆమె చేతిలో జమ్మి పెట్టాడు. అందరూ పెట్టారు. సరస్వతి తెచ్చిన గారెలు తిన్నారు, గది చల్లగా ఉందన్నారు. మెట్లు దిగుతూ వెంకటేశ్వర్లు పక్కవాడితో అన్న మాట పైకి వినిపించనే వినిపించింది.

"మావోణ్ణి హనుమకొండకే పంపుత రా. ఆడ కళ్లకింపుగున్నది."

వీరభద్రం బ్లేడు పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. "నీ బతుకు నేనే ఖరాబు చేస్తినా చెల్లె?"

కాదని చెప్పాలని నోరు తెరిచింది. రేకు లేకపోయినా వాళ్లు రారని, రేకు కింద ఉన్నదంతా ఒక్క ఆకుపచ్చేనని చెప్పాలనుకుంది. అదే నిజమేమో కూడా. కానీ అన్న ఎదుటే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అన్న మాట తప్పలేదు. దీపావళి కాకముందే మిషన్‌కు బేరం కుదిరింది. కొనడానికి వచ్చింది ఎవరనుకున్నారు? రాజేశ్వర్ రావే. రేకు పీకేసినా అద్దం నడుమ బ్లేడు గీతలు, బంక మరకలు కలిసి పొర కమ్మినట్టుంది. ఆయన దాన్ని చూసి నవ్వాడు.

"పర్వాలేదు. ఇది ముందర పెట్టం కద, లోపలి గదిల పెడ్తం. పనంత అక్కన్నే అయితది, లోపల ఎవరు చూస్తరు?" అని, నిర్మల వైపు తిరిగి ఎంతో మర్యాదగా అన్నాడు. "మీరు కూడ రాండ్రి అమ్మా. మీ అంత పనొచ్చినోళ్లు నా దగ్గర లేరు. లోపల మీకు ఇబ్బంది ఏముండదు."

పై గదిలోకి బిందెలు ఎక్కడం మొదలయ్యాక, నిర్మల సరేనని కబురు పంపింది.

మరుసటి ఏడు బతుకమ్మ పండుగ నాటికి, హనుమకొండలో ఆ ముందు గదిలోని రంగుల తెర మీద నిర్మల బతుకమ్మ వెలిగింది. రాజేశ్వర్ రావే అడిగి చేయించుకున్నాడు. లోపలి గదిలో తన ఆకుపచ్చ తెర ముందు కూర్చుని, ఒక్కో రంగుకు దాని అంకె వేసి చేసింది. ముందు గదిలో జనం ఉన్నంతసేపు ఆమె బయటికి పోదు. పొమ్మన్నవాళ్లూ లేరు, రమ్మన్నవాళ్లూ లేరు. పరదా అవతల నుంచి మాటలు మాత్రం వినిపిస్తాయి.

"అబ్బ, ఎంత ముద్దుగున్నదో సూడే! ఎవరు చేసిండ్రు సార్?"

"హైదరాబాద్ నుంచి తెప్పించినం" అన్నాడు రాజేశ్వర్ రావు.

"అన్ని మంచిగున్నయి గని, నడుమ బంతిపూలు మట్టి రంగున్నయేంది సార్?"

పరదా కొంచెం జరిపి ఆయన తల లోపలికి పెట్టాడు. "విన్నరు కదమ్మా? జర చూడుండ్రి."

నిర్మల తలూపింది. బంతి వరుస తెరకు సరిగ్గా నడుమ, గీతలు పడిన చోటే ఉంది. అక్కడేం కనిపించదు. వేళ్లతో లెక్క పెట్టుకుంటూ ఆ చోటికి పోయి, మట్టి రంగు అంకె ఆరు తీసేసి ఎరుపు అంకె పన్నెండు వేసింది, ఫ్లాపీ మీదికి ఎక్కించి పరదా సందులోంచి అందించింది. బయట మళ్లీ అబ్బ అన్నారు. ఆమె తెర మీద ఏదీ మారలేదు.